అగ్గి తెగులు: సూది మొనంత చుక్కలకు కూడా మందు కొట్టాలా?

వంశధార ఒడ్డు (కాశీనగర్)
అందరికీ నమస్కారం. మాది కాశీనగర్ దగ్గర, ఏటి పక్కనే. నాలుగెకరాల పల్లం, అంతా స్వర్ణ వరి, పొట్ట దశలో ఉంది. వారం నుంచి రాత్రిళ్లు చలి పెరిగింది, పొద్దున తొమ్మిదైనా ఆకు మీద మంచు ఆరడం లేదు. మొన్న దిగి చూస్తే ఆకుల మీద నూలుకండె మచ్చలు, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ అంచు. అగ్గి తెగులే, అందులో అనుమానం లేదు. ఇక్కడి ఒడియా రైతులు మహిషా రోగం అంటారు. నేను అడగాలనుకున్నది వేరే. గట్టుకు అవతల మా తోడల్లుడి చేను, అతను 1001 రకం వరి వేశాడు. అదే గాలి, అదే మంచు, ఒకే కాలువ నీరు. అతని ఆకుల మీద సూది గుచ్చినంత గోధుమ చుక్కలు చాలా ఉన్నాయి, ఒక్కటీ పెరగడం లేదు. ఒక ఆకుకి దారం కట్టి అయిదు రోజులుగా పొద్దున పొద్దున చూస్తున్నాను. ఒక దుకాణంలో ఇద్దరి ఆకులూ చూపిస్తే ఇద్దరికీ తెగులే, ఇద్దరూ కొట్టండి అన్నారు. నేను ఎలాగూ కొడతాను. అతను ఇప్పటికే కూలీలకు అప్పు తెచ్చాడు. కొట్టమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అసలు ఆ చుక్క అక్కడే ఎందుకు ఆగింది?

గుణుపురం ఎరువుల కొట్టు
అన్నా, నేనూ మందులు అమ్మేవాణ్ణే, ఉన్నమాట చెప్తాను. ఫొటో పెట్టండి, ఆకు రెండు వైపులా. చుక్కలన్నీ అగ్గి తెగులు కావు. గోధుమ మచ్చ తెగులైతే నువ్వు గింజ ఆకారంలో ఉంటుంది, చుట్టూ పసుపు వలయం కనిపిస్తుంది, పోషకాలు లేని గరువుల్లో ఎక్కువ. జింకు లోపమైతే ఉభాలు (నాట్లు) అయిన రెండు నుంచి నాలుగు వారాల్లోనే తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పొట్ట దశలో కొత్తగా రాదు. ముందు అది తేలాలి.

వంశధార ఒడ్డు (కాశీనగర్)
ఫొటోలు పెట్టాను బాబూ. పసుపు వలయం లేదు. నలుపు తిరిగిన గోధుమ రంగు, ఆవగింజలో సగం కూడా ఉండదు.

బరంపురం ల్యాబ్ అమ్మాయి
బాబాయ్ గారూ, నేను బరంపురంలో ఎమ్మెస్సీ బోటనీ చదువుతున్నాను, మా ఊరు గారబంద. మీ ఫొటో చూసి ఆగలేక రాస్తున్నాను. ఆ చుక్క అక్కడే ఆగడానికి కారణం ఆ మొక్కే అనుకుంటున్నాను, అది తనను తాను కాపాడుకున్న గుర్తు అది. వరి శాస్త్రవేత్తలు అగ్గి తెగులుకు 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తారు. సూది మొనంత గోధుమ చుక్కలకు 1. మీ స్వర్ణ మీద ఉన్న నూలుకండె మచ్చలకు 4 దగ్గర మొదలై పైకి పోతాయి. అంటే ఆ చుక్కలున్న మొక్కను వాళ్లు తట్టుకునే మొక్క కిందే లెక్క వేస్తారు.

లోపల జరిగేది కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి. ఈ తెగులు తెచ్చేది ఒక శిలీంద్రం, అంటే బూజు జాతిది. దాని బీజం గాలిలో వచ్చి ఆకు మీద పడి, తన జిగురుతో అతుక్కుంటుంది. మంచు తడి ఉంటే కొన్ని గంటల్లో మొలకెత్తి, కొసన గుమ్మటంలాంటి చిన్న బుడిపె కడుతుంది. ఆ బుడిపె గోడకు లోపల మెలనిన్ పూత పూసుకుంటుంది, అది మన జుట్టుకు నలుపునిచ్చే జాతి రంగే. లోపల గ్లిజరాల్ నింపుకుని నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. దాని లోపలి ఒత్తిడి 8 మెగాపాస్కల్ దాకా పోతుంది, అంటే మన బండి టైరులో ఉండే గాలి ఒత్తిడికి దాదాపు నలభై రెట్లు. ఆ బలంతో మేకులాంటి మొనను ఆకు గోడలోకి దిగ్గొడుతుంది. కంటికి కనిపించని గుమ్మటం అది!

ఇక వరి కణం వైపు. మన ఒంట్లో తెల్లకణాలు రక్తంలో తిరుగుతూ క్రిమి ఎక్కడుంటే అక్కడికి పోతాయి. మొక్కకి అలా తిరిగే కణాలు లేవు. ప్రతి కణం చుట్టూ గట్టి గోడ ఉంటుంది, అది కదలలేదు. కాబట్టి ఏ కణం కాపలా ఆ కణమే కాసుకోవాలి. శిలీంద్రపు గోడలో కైటిన్ ఉంటుంది, గోపాలపూర్ రొయ్య పెంకులో ఉండే పదార్థమే. వరి కణం ఆ గోడను కొరికే ఎంజైములను వదులుతుంది, ఊడిపడిన కైటిన్ ముక్కలను కణం పైపొర మీద ఉన్న గ్రాహకాలు తడిమి గుర్తుపడతాయి. వరిలో అలాంటి రెండింటి పేర్లు సీబిప్, సెర్క్1. గుర్తుపట్టగానే నిమిషాల్లో కణంలోకి కాల్షియం వస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది (పుండు కడిగితే నురగ వచ్చే మందే అది), మొన దిగుతున్న చోట గోడకు లోపలి నుంచి కేలోస్ అనే ముద్ద పెట్టి దట్టం చేస్తుంది. చాలా బీజాలు ఇక్కడే చచ్చిపోతాయి, మనకు చుక్క కూడా కనిపించదు.

పాతపట్నం అల్లుడు
అయితే స్వర్ణకి ఆ గ్రాహకాలు లేవా చెల్లీ? దానికెందుకు పెద్ద మచ్చ పడింది?

బరంపురం ల్యాబ్ అమ్మాయి
స్వర్ణకీ ఉన్నాయి అన్నయ్యా, ప్రతి వరికీ ఉంటాయి. అయితే అగ్గి తెగులు శిలీంద్రం కూడా తక్కువది కాదు. మొన దిగాక అది కణంలోకీ, కణం పైపొర బయటా కొన్ని ప్రొటీన్లు వదిలి ఆ హెచ్చరికను నొక్కేస్తుంది. వాటిలో ఒకటి కైటిన్ ముక్కలను ముందే పట్టేసుకుని గ్రాహకానికి అందకుండా చేస్తుంది. అప్పుడు రెండో కాపలా కావాలి, కణం లోపల ఉండేది. వచ్చిన ప్రొటీన్ ఏదో ఒకదాన్ని గుర్తుపట్టే ప్రత్యేకమైన జన్యువు ఆ రకంలో ఉంటే కణం తలుపులన్నీ మూసి తనను తాను చంపుకుంటుంది. చుట్టుపక్కల పది ఇరవై కణాలు కూడా. ఆ చచ్చిన కణాలే మీకు కనిపించే గోధుమ చుక్క. ఆ జన్యువు లేని రకంలో కణం చివరిదాకా బతికే ఉంటుంది, శిలీంద్రం దాన్ని తింటూ పక్క కణంలోకి పోతుంది. కణానికీ కణానికీ మధ్య సన్నటి సందులుంటాయి, ఒకదానికొకటి సరుకు అందించుకోవడానికి. అదే సందులో నుంచి శిలీంద్రపు పోగు దూరిపోతుంది. నాలుగైదు రోజులకు పైకి మచ్చ తేలుతుంది.

పాతపట్నం అల్లుడు
కణం చచ్చిపోవడం గెలుపు ఎలా అవుతుందో నాకు ఎక్కలేదు. ఇల్లు తగలబెట్టుకుని దొంగను ఆపినట్టుంది.

పర్లాకిమిడి పంతులు
నాయనా, ముప్పై ఏళ్లు కాలేజీలో బోటనీ చెప్పాను, ఆ ప్రశ్న ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడిగేవారు, అడగవలసిన ప్రశ్నే. ఒక ఆకులో కణాలు లక్షల్లో ఉంటాయి, ఒక కణం మొక్క మొత్తం కాదు. మన పల్లెలో వేసవిలో ఒక పాక అంటుకుంటే పక్క పాక కప్పు పీకి పడేసేవాళ్లు, నిప్పుకు దారి లేకుండా. ఊరు నిలబడేది. అగ్గి తెగులు శిలీంద్రం మొదటి రెండు మూడు రోజులు బతికున్న కణాన్నే తింటుంది. తిండి చచ్చిపోతే అది అక్కడే మాడిపోతుంది.

ఈ తాళంచెవి, తాళం లెక్కను మొదట తేల్చినవాడు అమెరికాలో హెచ్.హెచ్. ఫ్లోర్, 1940లలో, అవిసె మొక్క మీద వచ్చే తుప్పు తెగులు చూస్తూ. మొక్కలో ఒక జన్యువు, తెగులులో దానికి సరిపోయే ఒక జన్యువు, రెండూ కలిస్తేనే మొక్క నిలుస్తుందని చెప్పాడు. అప్పటికి జన్యువు దేనితో తయారైందో కూడా సరిగ్గా తెలియదు. పొలంలో మొక్కలు లెక్కపెట్టి చెప్పాడు. మా రోజుల్లో నల్లబల్ల మీద ఆ పట్టిక వేసి ఆపేవాళ్లం, లోపల ఆ కాపలా ఎలా పని చేస్తుందో మాకు తెలియదు. అమ్మాయ్, ఇప్పుడు తెలిసిందంటున్నారు కదా, రాయి తల్లీ.

బరంపురం ల్యాబ్ అమ్మాయి
2019లో తెలిసింది మాస్టారూ. చైనా శాస్త్రవేత్తలు ఒక చిన్న కలుపు జాతి మొక్కలో జార్1 అనే కాపలా ప్రొటీన్‌ను దగ్గరగా చూశారు. మామూలప్పుడు అది ఒంటరిగా ముడుచుకుని ఉంటుంది. శత్రువు జాడ తగిలితే అలాంటివి అయిదు కలిసి చక్రంలా కూర్చుంటాయి. చక్రం మధ్య నుంచి ఒక గొట్టం పొడుచుకొచ్చి కణం పొరలో గుచ్చుకుంటుంది. ఆ గొట్టం గుండా కాల్షియం లోపలికి వస్తుందని రెండేళ్లకు తేలింది. అదే చావు కబురు. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు నాకు నిద్ర పట్టలేదు. మనకు మచ్చ కనిపించకముందే ఇంత పని జరిగిపోతుంది.

గుణుపురం ఎరువుల కొట్టు
మాస్టారూ, మరి వరికే వచ్చే పాముపొడ తెగులుకు ఇదే లెక్క ఎందుకు పనికిరాదు? ఏళ్లుగా చూస్తున్నాను, అగ్గి తెగులు తట్టుకునే రకం దొరుకుతుంది గాని పాముపొడను నిలబడి తట్టుకునే రకం ఒక్కటీ దొరకలేదు.

పర్లాకిమిడి పంతులు
సరిగ్గా పట్టుకున్నావు. పాముపొడ తెచ్చేది చచ్చిన కణాన్ని తినే రకం. అదే కణాన్ని చంపి తింటుంది. అక్కడ మొక్క తన కణాన్ని తాను చంపుకుంటే శత్రువుకు వడ్డించినట్టే. ఒకే ఆయుధం ఒక తెగులుకు పనికొస్తుంది, ఇంకో తెగులుకు ఎదురు తిరుగుతుంది. పాముపొడకు పూర్తిగా నిలబడే వరి ఇప్పటికీ లేదు. అందుకే దానికి మనం చేయగలిగింది దూరంగా నాటడం, యూరియా తగ్గించడం, గట్ల మీద గడ్డి తీసేయడం.

వంశధార ఒడ్డు (కాశీనగర్)
యూరియా మాట వచ్చింది కాబట్టి చెప్తాను. నేను ఈసారి చిరుపొట్టకు మామూలు కంటే ఎక్కువ వేశాను. వర్షాలకు కొట్టుకుపోయిందని మళ్లీ వేశాను. ఆకు నల్లగా నిగనిగలాడితే సంతోషపడ్డాను.

పర్లాకిమిడి పంతులు
ఆ నిగనిగే అగ్గికి ఇష్టం బాబూ. నత్రజని ఎక్కువైతే కణం త్వరగా పెరుగుతుంది, గోడ పలచబడుతుంది, లోపల శిలీంద్రానికి కావలసిన అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, పైరు గుబురెక్కి మంచు ఆరదు. అన్నిటికంటే ముఖ్యం, ఆకులో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) వాటా తగ్గుతుంది. వరి మట్టిలోంచి సిలికా పీల్చి ఆకు పైపొర కింద పలకలా పేర్చుకుంటుంది. ఎండిన వరి మొక్క బరువులో పదో వంతు దాకా సిలికా ఉండొచ్చు. గడ్డి కోస్తే చెయ్యి తెగేది అందుకే. మా నాన్నగారు ఆకుమడిలో ఊక బూడిద చల్లించేవారు, ఎందుకని అడిగితే నారు గట్టిపడుతుందనేవారు. ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికాయే. గడ్డినంతా పొలం నుంచి తరలించేస్తే ఆ సిలికా కూడా పోతుంది.

పాతపట్నం అల్లుడు
ఒక వీడియోలో ఆస్పిరిన్ బిళ్లలు నీళ్లలో కలిపి కొడితే మొక్కకి రోగనిరోధకం వస్తుందని చూశాను. మా చేలో కొట్టొచ్చా?

బరంపురం ల్యాబ్ అమ్మాయి
దాని వెనక నిజమైన సైన్సు ఉంది అన్నయ్యా. ఒక ఆకులో పోరు జరిగితే సాలిసిలిక్ ఆమ్లం (ఆస్పిరిన్ దీని నుంచి చేసిందే) పెరుగుతుంది, దాంతో మిగతా ఆకులు కూడా కొన్నాళ్లు అప్రమత్తంగా ఉంటాయి. పొగాకు మీద ఇది 1961లో చూపించారు, 1979లో పొగాకు మీదే ఆస్పిరిన్ ప్రభావం కూడా చూపించారు. కానీ వరి ఆకులో ఆ ఆమ్లం మామూలప్పుడే చాలా ఎక్కువ ఉంటుంది, పైనుంచి పోస్తే ఒరిగేది తక్కువ, మోతాదు మించితే ఆకు మాడుతుంది. జపాన్‌లో ప్రొబెనజోల్ అనే మందు 1970ల నుంచి వాడుతున్నారు. అది శిలీంద్రాన్ని నేరుగా చంపదు, మొక్క కాపలానే లేపుతుంది. బిళ్లలు మాత్రం వద్దు.

జయపురం గట్టు
నేను కొంచెం పక్కదారి పడతాను, ఏమీ అనుకోకండి. మాది జయపురం దగ్గర కొండ కింద ఊరు, పుట్టినిల్లు పార్వతీపురం. ఇక్కడ చోడి (రాగి) చేలో అగ్గి తెగులు వస్తుంది, వెన్ను వేళ్లు ఎండిపోతాయి. పక్కన వరి ఉంటుంది. చోడి నుంచి వరికి అంటుతుందా?

బరంపురం ల్యాబ్ అమ్మాయి
రెండింటికీ అదే శిలీంద్రం అప్పా, కానీ చోడి మీద బతికే తెగ వేరు, వరి మీద బతికే తెగ వేరు. ఒకదాని తెగ రెండోదాని మీద సాధారణంగా నిలబడదు.

జయపురం గట్టు
మంచి మాట చెప్పావమ్మా. మా అత్తగారు ఒకే చేలో రెండు మూడు దేశవాళీ వరులు కలిపి వేసేవారు, కాలాజీరా అనే వాసన వరి మాత్రం విడిగా. కొత్తగా వచ్చిన వాళ్లు అది తెలియనితనం అనేవారు. ఈ కొరాపుట్ కొండలు వరి పుట్టిన చోట్లలో ఒకటని పెద్ద శాస్త్రవేత్తలే అంటారు, 2012లో ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ ఇక్కడి సేద్యానికి వారసత్వ గుర్తింపు ఇచ్చింది. కలిపి వేయడానికీ ఈ తాళంచెవి సంగతికీ సంబంధం ఉందా?

పర్లాకిమిడి పంతులు
ఉందమ్మా, చాలా ఉంది. చైనాలో యునాన్ రాష్ట్రంలో వేల మంది రైతులతో ఇదే చేసి చూశారు. అగ్గికి లొంగే జిగురు వరిని, తట్టుకునే హైబ్రిడ్ వరుసల మధ్య నాటారు. ఒంటరిగా వేసినప్పటి కంటే జిగురు వరిలో తెగులు 94 శాతం తగ్గింది. 2000లో ప్రచురించారు. ఒక మొక్క మీద పుట్టిన బీజం పక్క మొక్క మీద పడితే అక్కడ తాళం వేరు, అది తెరవలేదు. చేనంతా, జిల్లా అంతా ఒకే రకం ఉంటే శిలీంద్రం తన ఒక్క ప్రొటీన్ మార్చుకుంటే చాలు, అంతా దానిదే. మీ అత్తగారికి ప్రొటీన్ల పేర్లు తెలియకపోవచ్చు, పని మాత్రం సరైనదే చేశారు.

గుణుపురం ఎరువుల కొట్టు
ఎండాకు తెగులు గురించి కూడా ఎవరైనా రాయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పోయాక ఇటు చేలు చూశాను. గాలికి ఆకులు చీరుకుపోయి, పదిరోజులకు కొసల నుంచి ఎండుతూ వచ్చాయి. చాలామంది అగ్గి మందు కొట్టి డబ్బు పోగొట్టుకున్నారు. అది బాక్టీరియా, శిలీంద్రం మందుకు లొంగదు. అనుమానం ఉంటే ఎండుతున్న ఆకును అడ్డంగా కోసి గాజు గ్లాసులో నీళ్లలో పెట్టండి, కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటిది తీగలా దిగితే అదే. నారు కొసలు కత్తిరించి నాటకండి, కోసిన చోటు నుంచే లోపలికి పోతుంది.

బరంపురం ల్యాబ్ అమ్మాయి
ఆ బాక్టీరియా చేసే పని వింటే కోపం వస్తుంది. అది కణంలోకి ఒక ప్రొటీన్ పంపుతుంది, ఆ ప్రొటీన్ నేరుగా కేంద్రకంలోకి పోయి వరి జన్యువు మీటనే నొక్కుతుంది. స్వీట్ అనే జన్యువు తెరుచుకుని కణంలోని చక్కెర బయటికి కారుతుంది. బాక్టీరియా అది తాగుతుంది. కొన్ని వరుల్లో ఆ మీట ఆకారం కొంచెం తేడాగా ఉంటుంది, వేలు పట్టదు. దాని పేరు ఎక్స్ఏ13. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్ఏ21 వేరే తరహా, కణం పైనే కూర్చుని బాక్టీరియా వదిలే ఒక చిన్న ముక్కను పట్టేస్తుంది. 1995లో పమేలా రోనాల్డ్ బృందం దాన్ని విడదీసింది. హైదరాబాదులో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి ఈ రెండూ, ఎక్స్ఏ5 కూడా మన సాంబ మసూరిలోకి సంకరం ద్వారా తెచ్చి 2008లో విడుదల చేశారు. కటక్ వరి పరిశోధన సంస్థ వాళ్లు లలాట్, తపస్విని రకాల్లో తెచ్చారు. కానీ ఇవి ఎండాకుకే, అగ్గికి కావు.

వంశధార ఒడ్డు (కాశీనగర్)
నా స్వర్ణ సంగతి ఎవరూ చెప్పలేదు. ట్రైసైక్లజోల్ కొడదామనుకుంటున్నా.

గుణుపురం ఎరువుల కొట్టు
కొట్టండి అన్నా, ఆలస్యం చేయొద్దు. లీటరు నీటికి 0.6 గ్రాములు, అంతకంటే వద్దు. ముఖ్యం ఏమిటంటే ఈ మందు శిలీంద్రాన్ని నేరుగా చంపదు, అమ్మాయి రాసిన మెలనిన్ పూత తయారవకుండా ఆపుతుంది. పూత లేకపోతే ఒత్తిడి నిలవదు, మొన దిగదు. ఇప్పటికే లోపలికి పోయినదాన్ని ఏమీ చేయలేదు. పాత మచ్చ పోలేదని మళ్లీ మళ్లీ కొట్టకండి. వెన్ను బయటికి వచ్చేటప్పుడు మెడ మీద కొత్త బీజాలు పడకుండా చూసుకోవడం అసలు పని. మెడ విరుపు వస్తే గింజ పాలు పోసుకోదు. మీ తోడల్లుడి చేనుకు నేనైతే ఇప్పుడు అమ్మను. వారం చూడమనండి, ఒక్క చుక్క నూలుకండెగా మారినా ఫోన్ చేయమనండి.

వంశధార ఒడ్డు (కాశీనగర్)
(పన్నెండు రోజుల తర్వాత) ఆలస్యంగా రాస్తున్నాను, కూలీల హడావిడి. నేను ఒకసారి వెంటనే, ఒకసారి వెన్ను తీస్తున్నప్పుడు కొట్టాను. యూరియా ఆపేశాను. కింది ఆకులు పోయాయి, జెండా ఆకు (వెన్ను పక్కన ఉండే చివరి ఆకు) మీద కొత్త మచ్చలు చాలా తక్కువ. గట్టు వారగా కొన్ని మెడలు నల్లబడ్డాయి. మా తోడల్లుడు కొట్టలేదు. దారం కట్టిన ఆకు మీద మొదట పంతొమ్మిది చుక్కలు లెక్కపెట్టాను, ఇప్పుడు ఇరవై మూడు, అయినా ఒక్కటీ పెద్దది కాలేదు. ఆ ఆకునీ, నా చేను ఆకునీ తడి కాగితంలో చుట్టి బరంపురం బస్సులో మా బంధువు చేతికిచ్చి పంపాను, అమ్మాయ్ అందిందా?

బరంపురం ల్యాబ్ అమ్మాయి
అందింది బాబాయ్ గారూ, నిన్న సాయంత్రమే చూశాను. ఆల్కహాల్‌లో పెట్టి పచ్చదనం తీసేసి, నీలం రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెట్టాను. మీ స్వర్ణ ఆకులో నీలం పోగులు కణం నుంచి కణానికి వేళ్లలా పాకి ఉన్నాయి, ఎక్కడ మొదలైందో కూడా తెలియడం లేదు. మీ తోడల్లుడి ఆకులో ఆరు చుక్కలు చూశాను. నాలుగింటిలో బీజం, గుమ్మటం, కిందికి దిగిన పొట్టి పోగు ఒకటి స్పష్టంగా ఉన్నాయి. పోగు మొదటి కణం దాటలేదు. చుట్టూ గోధుమ రంగు తిరిగిన కణాలు నేను లెక్కపెట్టినంతవరకు పద్నాలుగు, వాటి పక్క కణాలు మామూలుగా ఉన్నాయి. రెండు చుక్కల్లో పోగు కనిపించలేదు, అవి ఏమిటో మా మేడమ్‌కి చూపించి చెప్తాను. గట్టు వారన నల్లబడిన మెడ ముక్కలు ఒక రెండు కూడా పంపగలరా, ఆరబెట్టి మామూలు కాగితం కవరులో పెట్టండి, తడి వద్దు.

వంశధార ఒడ్డు (కాశీనగర్)
శుక్రవారం బస్సుకు పంపిస్తాను తల్లీ. మా తోడల్లుడికి నీ మాట చదివి వినిపించాను. విత్తనానికి ఆ చుక్కలున్న మడే విడిగా కోస్తానంటున్నాడు.